రోమ్ ఉత్థాన పతనాలు: మూసీ, కృష్ణా సీమ సాక్ష్యం

ప్రాచీన రోమ్ ఎదిగిన కాలమూ, కుంగిన కాలమూ తెలుగు నేల మీద కూడా గుర్తులు వదిలాయి. ఆ గుర్తులు చిక్కగా కనిపించే చోట్లలో ఒకటి నేటి సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ పట్టణాల చుట్టూ ఉన్న సీమ. మూసీ నది వాడపల్లి దగ్గర కృష్ణలో కలుస్తుంది. ఆ సంగమానికి ఎగువన పాత నల్గొండ జిల్లా పల్లెల్లో రోమన్ వెండి, బంగారు నాణేలు దొరికాయి. సూర్యాపేట జిల్లాలోనే ఫణిగిరి బౌద్ధక్షేత్రం ఉంది. కృష్ణకు అవతలి గట్టున, ఇప్పటి నాగార్జునసాగర్ జలాశయం కింద, ఇక్ష్వాకుల రాజధాని విజయపురి (నాగార్జునకొండ) ఉంది. ఈ మూడింటినీ కలిపి చదివితేనే ఇక్కడి కథ అర్థమవుతుంది.

రోమన్ వ్యాపారం వల్ల దక్కన్ పట్టణాలు పుట్టాయని, రోమ్ కుంగగానే అవీ కుంగాయని చరిత్ర పుస్తకాల్లో చాలాకాలం చెలామణి అయింది. 1987లో వచ్చిన రామ్ శరణ్ శర్మ గ్రంథం భారతదేశంలో పట్టణాల క్షీణతకు చూపిన కారణాల్లో దూరదేశ వ్యాపారం పడిపోవడం కూడా ఒకటి. మూసీ, కృష్ణా సీమలోని ఆధారాలు ఆ వాదనలో మొదటి సగాన్ని కొంతవరకే బలపరుస్తాయి. రెండో సగాన్ని ఒప్పుకోవు.

రోమ్ ఎదుగుదల

సంప్రదాయం రోమ్ పుట్టుకను క్రీ.పూ. 753కు చెబుతుంది. క్రీ.పూ. 509 ప్రాంతంలో రాజులను తొలగించి గణతంత్రంగా మారిన ఆ నగరం మొదట ఇటలీని, తర్వాత మధ్యధరా తీరాలను గెలుచుకుంది. క్రీ.పూ. 146లో కార్తేజ్ నేలమట్టమైంది. మనకు సంబంధించినంత వరకు అసలు మలుపు క్రీ.పూ. 30లో వచ్చింది. అంతకు ముందు ఏడాది ఆక్టియం నౌకాయుద్ధంలో ఆంటొనీ, క్లియోపాత్రాలను ఓడించిన ఆక్టేవియన్ ఈజిప్టును రోమ్‌లో కలుపుకున్నాడు. క్రీ.పూ. 27లో అతడే అగస్టస్ అనే బిరుదుతో తొలి చక్రవర్తి అయ్యాడు. ఎర్రసముద్రపు రేవులు అలా రోమ్ చేతికి వచ్చాయి. ఆ రేవుల నుంచి నైరుతి రుతుపవనాన్ని పట్టుకుని నేరుగా అరేబియా సముద్రం దాటే విద్య అప్పటికే నావికులకు తెలుసు. మయోస్ హార్మోస్ రేవు నుంచి ఏటా 120 ఓడలు భారతదేశానికి బయలుదేరుతున్నాయని అగస్టస్ కాలపు భూగోళవేత్త స్ట్రాబో రాశాడు.

ఆ ఓడల్లో ఎక్కువ భాగం పశ్చిమ తీరానికే వచ్చేవి. భరుకచ్ఛం (భరూచ్), కేరళలోని ముజిరిస్ పెద్ద రేవులు. తూర్పు తీరం మాటకొస్తే, క్రీ.శ. 1వ శతాబ్దం మధ్యలో ఒక గ్రీకు వర్తకుడు రాసిన ‘పెరిప్లస్’ మసాలియా అనే ప్రాంతాన్ని పేర్కొని, అక్కడ సన్నటి నూలు బట్ట విస్తారంగా తయారవుతుందని చెబుతుంది. అది కృష్ణా ముఖద్వారం చుట్టుపక్కల తీరం. 2వ శతాబ్దపు టాలెమీ అదే తీరంలో కొంటకొస్సిల అనే వ్యాపార కేంద్రాన్ని గుర్తించాడు. అది కృష్ణా జిల్లాలోని నేటి ఘంటసాల. నాగార్జునకొండ శాసనంలో ఆ ఊరి పేరు కంటకసేల.

తీరం నుంచి లోపలికి దారి ఎటు పోయేది? తగర నగరానికి, అంటే మహారాష్ట్రలోని నేటి తేర్‌కు, సముద్రతీర ప్రాంతాల సరుకులు బండ్ల మీద వచ్చేవని, అక్కడి నుంచి భరుకచ్ఛానికి వెళ్లేవని ‘పెరిప్లస్’ రాసింది. ఈ వాక్యం ఆధారంగా 1901లో శాసన పరిశోధకుడు జె. ఎఫ్. ఫ్లీట్ ఒక మార్గాన్ని ఊహించాడు. మచిలీపట్నం వైపు నుంచి ఒకటి, వినుకొండ వైపు నుంచి మరొకటి బయలుదేరి హైదరాబాదుకు ఆగ్నేయంగా సుమారు 40 కిలోమీటర్ల దూరంలో కలిసి, తేర్, పైఠన్ మీదుగా పడమటికి సాగేవని ఆయన నిర్ణయం. పటం ముందు పెట్టుకుంటే మొదటి దారి కోదాడ, సూర్యాపేటల మీదుగా పోయే నేటి విజయవాడ–హైదరాబాదు రహదారికి దగ్గరగా నడుస్తుంది. వినుకొండ దారి కృష్ణ దాటి మిర్యాలగూడ, నల్గొండల వైపు వస్తుంది. ఇక్కడి పల్లెల్లో రోమన్ నాణేలు ఎందుకు దొరికాయో ఇంతకంటే సూటిగా చెప్పే వివరణ నాకు కనిపించలేదు.

నేలలో దొరికిన నాణేలు

నల్గొండ జిల్లా అక్కనపల్లి నిధి వీటన్నిటిలో పెద్దది. 1,500కు పైగా రోమన్ వెండి నాణేలు ఒకే చోట బయటపడ్డాయి. అగస్టస్, అతని వారసుడు టైబీరియస్‌ల పేర ముద్రించిన దెనారియస్‌లే వాటిలో ప్రధానం. 1965లో పరమేశ్వరీలాల్ గుప్త ఆంధ్రప్రదేశ్‌లో దొరికిన రోమన్ నాణేల పట్టిక ప్రచురించినప్పుడు ఈ నిధి పండితుల దృష్టికి వచ్చింది. ఆ సొమ్ము విలువ తెలియాలంటే ఒక లెక్క చాలు. అగస్టస్ సైన్యంలో మామూలు సైనికుడికి ఏడాది జీతం 225 దెనారియస్‌లు. అంటే అక్కనపల్లి భూమిలో ఒక రోమన్ సిపాయి ఆరేళ్లకు మించిన జీతం పాతిపెట్టి ఉంది. ఒక్కో నాణెం దాదాపు నాలుగు గ్రాములు తూగుతుంది కాబట్టి మొత్తం ఐదున్నర కిలోలకు తగ్గని వెండి. అది ఒక బాటసారి మూటలో మిగిలిపోయిన చిల్లర కాదు. పెద్ద వర్తకుడిదో, వర్తక బృందానిదో, బౌద్ధ విహారానిదో అయి ఉండాలి.

ఇదే జిల్లాలోని గూటిపర్తిలో రోమన్ బంగారు నాణేలు దొరికాయి. కృష్ణకు దక్షిణాన వినుకొండలో దొరికిన బంగారు నాణేలు టైబీరియస్ నుంచి 3వ శతాబ్దపు తొలి దశాబ్దాల్లో పాలించిన కరకల్లా వరకు ఉన్నాయి. ఉత్తరాన పెద్దపల్లి జిల్లా పెద్దబంకూరులో శాతవాహన నాణేలు వేల సంఖ్యలో తవ్వితీసినప్పుడు, వాటి మధ్య అగస్టస్, టైబీరియస్ వెండి నాణేలు కూడా కనిపించాయి. విజయపురిలో టైబీరియస్ బంగారు నాణెం, ఆంటొనైనస్ పయస్ భార్య ఫాస్టీనా బొమ్మ ఉన్న బంగారు నాణెం దొరికాయి.

ఈ నాణేలతో ఇక్కడివాళ్లు ఏం చేశారన్నది ఇంకా ఆసక్తికరం. అప్పట్లో ఈ సీమను ఏలిన శాతవాహనులకు సొంత నాణేలు ఉన్నాయి. బజారులో రోజువారీ బేరానికి సీసం, రాగి, పోటిన్ అనే మిశ్రమలోహపు నాణేలు చెల్లేవి. రోమన్ బంగారాన్నీ వెండినీ ముఖ్యంగా లోహపు విలువకే తీసుకున్నారు. దక్షిణ భారతంలో దొరికిన అనేక రోమన్ బంగారు నాణేల మీద, చక్రవర్తి ముఖానికి అడ్డంగా ఉలితో నరికిన గాటు కనిపిస్తుంది. లోపలి లోహం అసలుదేనా అని చూసేందుకో, అది ఇక డబ్బుగా చెల్లదని తెలిపేందుకో ఆ గాటు పెట్టి ఉంటారని పండితుల అభిప్రాయం. మరికొన్నిటికి చిల్లు పొడిచి మెడలో వేసుకున్నారు. కాసుల పేరు మీద తెలుగు ఆడవాళ్లకున్న మక్కువ ఎంత పాతదో ఆ చిల్లు నాణేలు చూస్తే తెలుస్తుంది. బంగారం కొనలేనివాళ్లకు మట్టి ఉంది. సంగారెడ్డి జిల్లా కొండాపురంలో రోమన్ నాణేల బొమ్మను మట్టిపై అచ్చువేసి, తాడుకు గుచ్చుకునేలా చేసిన బిళ్లలు దొరికాయి. రోమ్ చక్రవర్తి ముఖం ఇక్కడ అధికారానికి గుర్తుగా రాలేదు, సింగారంగా వచ్చింది.

ఇలాంటి నిధుల్లో చాలా భాగం తవ్వకాల్లో కాక దున్నేటప్పుడు, పునాదులు తీసేటప్పుడు బయటపడతాయి. అందుకే అవి ఏ ఇంట్లో, ఏ పొరలో, ఏ వస్తువుల పక్కన ఉన్నాయో తెలిసే అవకాశం పోతుంది. కరిగించినవాటి లెక్క అసలే లేదు. మ్యూజియాల్లో మిగిలిన నాణేలను మొత్తం వ్యాపారానికి కొలబద్దగా వాడేటప్పుడు ఈ సంగతి మరచిపోకూడదు.

ఇటు వచ్చింది బంగారం, అటు వెళ్లింది ఏమిటి?

నూలు బట్ట, మిరియాలు, ముత్యాలు, రంగురాళ్లు, ఏనుగు దంతం. సెస్టెర్స్ రోమ్‌లో చిన్న నాణెం, నాలుగు కలిస్తే ఒక దెనారియస్. భారతదేశం ఏటా 5 కోట్ల సెస్టెర్స్‌లు లాగేసుకుంటోందని 1వ శతాబ్దపు ప్లినీ వాపోయాడు. భారతదేశం, చైనా, అరేబియా కలిపి 10 కోట్లని మరోచోట రాశాడు. ఆడవాళ్ల నగల కోసం సొమ్ము పరాయి దేశాలకు పోతోందని అంతకు ముందే టైబీరియస్ సెనేట్‌కు రాసిన లేఖలో ఫిర్యాదు చేశాడు. ఈ మాటల ఆధారంగా భారత వ్యాపారమే రోమ్ ఖజానాను ఖాళీ చేసిందని కొందరు రాస్తారు. కానీ ఆ సరుకు మీద రోమ్ నూటికి 25 వంతుల సుంకం వసూలు చేసేది. 2వ శతాబ్దపు ‘ముజిరిస్ పత్రం’ ప్రకారం హెర్మాపొలాన్ అనే ఒక్క ఓడ భారతదేశం నుంచి తెచ్చిన సరుకు విలువ, సుంకం పోగా, దాదాపు 70 లక్షల సెస్టెర్స్‌లు. ఇంత రాబడి ఇచ్చే వ్యాపారాన్ని రోమ్ పతనానికి కారణంగా చూపడం సరికాదు.

ప్లినీ మరో మాట కూడా అన్నాడు. భారతదేశంలో సీసం లేదని, రత్నాలు, ముత్యాలు ఇచ్చి సీసం తెచ్చుకుంటారని. ‘పెరిప్లస్’ కూడా భరుకచ్ఛంలో, ముజిరిస్‌లో దిగే సరుకుల్లో సీసాన్ని చేర్చింది. సీసం నాణేల మీద నడిచిన ఈ సీమకు ఇది ముఖ్యమైన కబురు. అయితే ప్లినీ మాటను పూర్తిగా నమ్మలేం. కృష్ణకు దక్షిణాన, వినుకొండకు దగ్గర్లోని అగ్నిగుండాల సీసపు ఖనిజానికి పేరుపడ్డ చోటు. దిగుమతి సీసమూ, దేశవాళీ సీసమూ రెండూ టంకశాలకు చేరి ఉండవచ్చు.

రోమ్ కుంగుబాటు, విజయపురి వైభవం

చక్రవర్తుల కాలంలో రోమ్ డబ్బుకు తొలి పెద్ద తరుగు క్రీ.శ. 64లో వచ్చింది. నీరో బంగారు, వెండి నాణేల తూకం తగ్గించాడు, వెండిలో కల్తీ పెంచాడు. మన దేశంలో దొరికే వెండి దెనారియస్‌లలో అధికభాగం అంతకు ముందరివే కావడానికి ఇదీ ఒక కారణమని చెబుతారు. ఇక్కడి వర్తకులు పాత మంచి వెండినే కోరుకున్నారు, తర్వాత బంగారం వైపు మళ్లారు. ట్రాజన్ (98–117) కాలానికి సామ్రాజ్యం అత్యంత విశాలమైంది. 165లో మొదలైన మహమ్మారి జనాన్ని తినేసింది. 235 నుంచి 284 వరకు యాభై ఏళ్లలో ఇరవై మందికి పైగా చక్రవర్తులు మారారు. వారిలో చాలామంది సొంత సైనికుల చేతుల్లోనే చచ్చారు. 260లో వలేరియన్ పారశీక రాజు షాపూరుకు బందీగా చిక్కాడు. 270 ప్రాంతంలో పాల్మైరా రాణి జెనోబియా సేనలు కొంతకాలం ఈజిప్టునే పట్టుకున్నాయి. అంటే ఎర్రసముద్రపు రేవులకు వెనుకనున్న దేశమే చేతులు మారింది. వెండి నాణెంలో వెండి నూటికి ఐదు పాళ్లకు దిగజారింది.

సరిగ్గా ఆ యాభై ఏళ్లలో కృష్ణా తీరాన ఏం జరుగుతోందో చూడాలి. 3వ శతాబ్దపు తొలి భాగంలో శాతవాహన రాజ్యం చీలిపోయాక వాసిష్ఠీపుత్ర చాంతమూలుడు ఇక్ష్వాకు రాజ్యం స్థాపించాడు. అతని కొడుకు మాఠరీపుత్ర వీరపురుషదత్తుని 6వ పాలనా సంవత్సరంలో మేనత్త చాంతిసిరి విజయపురి మహాచైత్యానికి స్తంభాలు నిలిపింది. ఉజ్జయిని నుంచి వచ్చిన రాణి రుద్రధర భట్టారిక అదే చైత్యానికి ఒక స్తంభంతో పాటు 170 ‘దీనారి మాషకాలు’ దానం చేసింది. రోమ్ దెనారియస్ పేరు ఇక్ష్వాకుల దానశాసనంలో లెక్కకట్టే ప్రమాణంగా కూర్చుందన్న మాట. అదే లోయలో బోధిసిరి అనే ఉపాసిక వేయించిన శాసనం కాశ్మీర, గాంధార, చీన, తోసలి, వంగ, వనవాసి దేశాల పేర్లు, తామ్రపర్ణి ద్వీపం పేరు వరుసగా చెబుతుంది. వీరపురుషదత్తుని కొడుకు ఎహువుల చాంతమూలుని కాలానికి శివ, విష్ణు, కార్తికేయ ఆలయాలు కూడా లేచాయి. తమలపాకుల వర్తకుల శ్రేణి, పిండివంటలవారి శ్రేణి ధర్మకార్యాలకు పెట్టిన డబ్బును నిర్వహించేవి. ముప్పైకి పైగా బౌద్ధారామాలు ఆ లోయలో వెలిశాయి. రోమ్ తన చరిత్రలోకెల్లా గడ్డు రోజులు గడుపుతున్నప్పుడు విజయపురి తన మంచి రోజులు చూసింది.

‘రోమ్ కుంగగానే ఇదీ కుంగింది’ అన్న వాదన ఇక్కడే నిలబడకుండా పోతుంది. కృష్ణా లోయ ఆస్తి రోమన్ బంగారం ఒక్కటే కాదు. వరి పండే నేల, నూలు వడికే పల్లెలు, సింహళంతో, బంగాళాఖాతానికి ఆవలి దేశాలతో నడిచిన ఓడలు, దాతలుగా ముందుకొచ్చిన రాజకుటుంబపు స్త్రీలు, శ్రేణులు కలిస్తేనే ఆ శిల్పాలు సాధ్యమయ్యాయి. రోమ్ ఆ సంపదకు ఒక పెద్ద పాయ. మూలధార కాదు.

రోమ్‌తో పరిచయం మాత్రం శిల్పుల ఉలిలో నిలిచింది. విజయపురిలో ఒక స్తంభం మీద అర్ధనగ్నంగా నిలబడి, చేతిలో కొమ్ము ఆకారపు పానపాత్ర పట్టుకున్న గడ్డపు మనిషి ఉన్నాడు. పక్కన మద్యపు పీపా లాంటిది కనిపిస్తుంది. అతణ్ణి గ్రీకు, రోమన్ల మద్యదేవత డయొనైసస్‌గా గుర్తించారు. నాలుగు వైపులా మెట్ల వరుసలున్న వినోద మైదానాన్ని రోమన్ రంగస్థలంతో పోల్చడం మాత్రం అతిగా సాగిన పోలిక అనిపిస్తుంది. రోమన్ ఆంఫిథియేటర్ గుండ్రంగా, కోలగా ఉంటుంది, విజయపురిది నలుచదరం వైపు మొగ్గుతుంది. ఆభీర రాజు వసుషేణుని శాసనం వేరే రకం సాక్ష్యం. 278 ప్రాంతానిదిగా లెక్కించే ఆ శాసనంలో అష్టభుజస్వామి (విష్ణువు) ప్రతిష్ఠకు చేయి కలిపినవారిలో సంజయపురి యవన రాజులు ఉన్నారు. యవనులు, అంటే గ్రీకు, రోమన్ మూలాలవారు, అప్పటికి ఓడ దిగి సరుకు అమ్మి వెళ్లిపోయే పరాయివాళ్లుగా మాత్రమే లేరు. కొందరు ఈ దేశపు రాజులై, విష్ణువుకు విగ్రహం నిలుపుతున్నారు.

విజయపురి శిథిలాలను 1926లో గుర్తించారు. లాంగ్‌హర్స్ట్ 1927–31లో, టి. ఎన్. రామచంద్రన్ 1938లో, ఆర్. సుబ్రహ్మణ్యం బృందం 1954–60లో అక్కడ తవ్వారు. సాగర్ ఆనకట్టకు 1955 డిసెంబరు 10న శంకుస్థాపన జరిగింది; ముంపు తరుముతుండగా సాగినవి ఆ చివరి తవ్వకాలు. కొన్ని కట్టడాలను కొండ మీదికి, దగ్గర్లోని అనుపుకు తరలించారు. నగరం నీళ్ల కిందికి పోయింది. ఆ నీళ్లే ఎడమ కాలువలో మిర్యాలగూడ, హుజూర్‌నగర్, కోదాడ పొలాలకు వస్తాయి.

ఫణిగిరి

విజయపురి నీట మునిగింది కాబట్టే ఫణిగిరి విలువ ఇంకా పెరిగింది. సూర్యాపేట జిల్లా నాగారం మండలంలో, మూసీలో కలిసే బిక్కేరు వాగు ఒడ్డున, పాము పడగలా కనిపించే కొండ మీద ఈ క్షేత్రం ఉంది. చుట్టుపక్కల తిరుమలగిరి, గాజులబండ, వర్ధమానుకోట, అర్వపల్లి కూడా బౌద్ధపు జాడలున్న చోట్లే. కోదాడ నుంచి ఖమ్మం వెళ్లే దారిలో నేలకొండపల్లి స్తూపం ఉంది. నిజాం కాలంలో, 1940లలో, ఫణిగిరిని మొదట తవ్వారు. 2001 తర్వాత జరిగిన తవ్వకాల్లో మహాస్తూపం, చైత్యగృహాలు, విహారాలు, స్తంభాల మండపం బయటపడ్డాయి. బుద్ధుని కథలు చెక్కిన తోరణపు దూలం 2023లో న్యూయార్క్ మెట్రోపాలిటన్ మ్యూజియంలో జరిగిన తొలినాటి బౌద్ధకళ ప్రదర్శనకు వెళ్లి వచ్చింది. 2019లో నిలువెత్తు గచ్చు బోధిసత్వ విగ్రహం దొరికింది.

చరిత్రకారులకు అన్నిటికంటే పనికొచ్చింది ధర్మచక్ర స్తంభం మీది శాసనం. ఇక్ష్వాకు రాజు రుద్రపురుషదత్తుని 18వ పాలనా సంవత్సరంలో రాజుగారి ప్రధాన వైద్యుడు ఆ చక్రాన్ని నిలిపాడు. అంతకు ముందు ఈ రాజు పాలన 11 ఏళ్ల వరకే తెలుసు. ఒక్క శాసనంతో ఇక్ష్వాకుల చివరి రాజు కాలం కనీసం ఏడేళ్లు ముందుకు జరిగి 4వ శతాబ్దంలోకి వచ్చింది. అప్పటికి రోమ్‌లో డయోక్లెటియన్ సామ్రాజ్యాన్ని పంపకాలు చేసి దిగిపోయాడు, కాన్‌స్టంటైన్ పైకి వస్తున్నాడు.

2024లో విహారపు గదుల దగ్గర తవ్వుతుండగా ఒక మట్టికుండ దొరికింది. అందులో 3,730 సీసం నాణేలు ఉన్నాయి. ఒకవైపు ఏనుగు, మరోవైపు ఉజ్జయిని గుర్తు (కొసల్లో వృత్తాలున్న శిలువ). ఒక్కోటి సగటున 2.3 గ్రాములు. ఇక్ష్వాకుల కాలానివి. అక్కనపల్లి నిధిని, ఈ కుండను పక్కపక్కన పెట్టి చూస్తే మూడు వందల ఏళ్ల తేడా తెలుస్తుంది. అది పరాయి వెండి, ఇది సొంత సీసం. అది దూరదేశపు బేరానికి, ఇది ఊళ్లలో, సంతల్లో చెల్లేందుకు. రోమన్ వెండి రావడం ఎప్పుడో ఆగిపోయినా ఫణిగిరి చుట్టూ డబ్బు చేతులు మారుతూనే ఉందని చెప్పడానికి ఇంతకు మించిన ఆధారం అక్కర్లేదు.

రెండు ముగింపులు

కాన్‌స్టంటైన్ 330లో రాజధానిని బోస్ఫరస్ ఒడ్డున కట్టిన కొత్త నగరానికి మార్చాడు. అతడు రోమన్ పౌండుకు 72 చొప్పున ముద్రించిన బంగారు సాలిడస్ శతాబ్దాల పాటు నిలిచింది. 4, 5 శతాబ్దాల సాలిడస్‌లు కొన్ని తెలుగు నేలకూ, కర్ణాటకకూ వచ్చాయి కూడా. 378లో ఆద్రియానోపుల్ దగ్గర గోతులు రోమన్ సేనను చిత్తుచేశారు. 410లో అలారిక్ రోమ్ నగరాన్ని దోచాడు. 476లో ఓడొయాసెర్ పడమటి రోమ్ చివరి చక్రవర్తి రోములస్ అగస్టులస్‌ను గద్దె దించాడు. పన్నులు కట్టే జనం తగ్గడం, సైన్యం ఖర్చు పెరగడం, సింహాసనం కోసం సేనానుల పోరు, సరిహద్దు తెగల ఒత్తిడి కలిసి పడమటి భాగాన్ని కూల్చాయి. తూర్పు భాగం 1453 దాకా బతికింది.

ఇక్ష్వాకుల ముగింపు వేరే కారణాలతో వచ్చింది. దక్షిణం నుంచి పల్లవులు కృష్ణ దాకా వచ్చారు. పల్నాడులోని మంచికల్లు పల్లవ శాసనం అందుకు సాక్ష్యం. అంతకు ముందే ఆభీరులు విజయపురి దాకా చేరారు. రాజధాని పాడుబడింది, కానీ సీమ పాడుబడలేదు. తర్వాత వచ్చిన విష్ణుకుండినులు ఈ సీమనే తమ కేంద్రాల్లో ఒకటిగా చేసుకున్నారు. నల్గొండ వైపు తుమ్మలగూడెంలో, అంటే నాటి ఇంద్రపాలనగరంలో, దొరికిన రెండు రాగిశాసనాలు బౌద్ధ విహారానికి ఇచ్చిన దానాలను చెబుతాయి. ఒకటి గోవిందవర్మది. రెండోది విక్రమేంద్రవర్మది, శక సంవత్సరం 488 నాటిది, అంటే క్రీ.శ. 566. పడమటి రోమ్ చివరి చక్రవర్తి గద్దె దిగి అప్పటికి 90 ఏళ్లు.